బట్ట మీద పడ్డ బంతి

బెల్టు పోటీ మూడో ఏడు నేను చేసిన పనికి ఆర్డ్‌కీల్ ఊరు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటుంది. పాస్టరుగారి ఎదుట, ఎడిన్‌బరో నుంచి దిగిన దొరల ఎదుట, పట్టపగలు నా పావడా విప్పాను. అవును, విప్పాను. ఎందుకు విప్పావే గ్రిజెల్ అని ఒక్కరైనా అడిగారా? లేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు, అది వేరే సంగతి. ఇప్పుడు చెబితే ఎవరికీ నష్టం లేదు కనుక చెబుతున్నాను. అయితే ఆ రోజు నా గుండె ఆగినంత పనయింది పావడా వల్ల కాదు.

మా ఆయన డాండ్ గోల్ఫ్ బంతులు చేసేవాడు, దొరలకు ఆట నేర్పేవాడు, ఆడి సంపాదించేవాడు. నేను బట్టలు ఉతికేదాన్ని. అంతకుముందు పోటీలంటే దొరలవే. ఆడి పొట్టపోసుకునే మా మగవాళ్ళను నాలుగూళ్ళ నుంచి పిలిచి వాళ్ళలో వాళ్ళకు పోటీ పెట్టడం అప్పుడే మొదలయింది. మొదటి ఏడు వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా వాళ్ళు దొంగాట ఆడతారేమోనని జంటకొక దొరను కాపలా పెట్టారు. దొరలు దొంగాట ఆడినప్పుడు కాపలా ఎవరుండేవారో నాకు తెలియదు.

బహుమతి ఎర్ర తోలు బెల్టు. ముందు అరచేతి వెడల్పున వెండి బిళ్ళ, దాని మీద కర్ర ఎత్తి నిలబడ్డ ఆటగాళ్ళ బొమ్మలు ఉబ్బెత్తుగా చెక్కి ఉండేవి. గెలిచినవాడు ఏడాది ఇంట్లో పెట్టుకుని తిరిగి ఇచ్చెయ్యాలి. వరసగా మూడేళ్ళు గెలిస్తే మాత్రం అది జన్మకు వాడిదే. డాండ్ రెండేళ్ళు గెలిచాడు.

ఆ రెండేళ్ళలోనే వాడి కళ్ళు మసకబారాయి.

ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. తెలిస్తే సగం గుడ్డివాణ్ణి పోటీలోకి ఎవరు రానిస్తారు? ఒక చలికాలం సాయంత్రం బెల్టు ఒళ్ళో పెట్టుకుని ఆ వెండి బొమ్మలను వేళ్ళతో తడుముతూ చెప్పాడు.

"ఇదొక్కటి నాది కావాలే గ్రిజీ. రేపు చూపు పూర్తిగా పోయాక నేనెవరినో నాకు గుర్తు చెయ్యడానికి వేళ్ళకు ఏదో ఒకటి తగలాలి కదా."

"పూర్తిగా పోతుందని ఎవడన్నాడు? నోరు మంచిదైతే ఊరు మంచిది. ఊరుకో."

"దూరమే మసకలే. దగ్గరివి బాగానే ఉన్నాయి. నీ మొహం అద్దంలో చూసినట్టుంది, ముక్కు మీద మచ్చతో సహా."

"ఆ మచ్చ తప్ప ఇంకేం కనబడదా నీకు?" అని కసురుకున్నాను. లోపల మాత్రం చల్లగా అనిపించింది. దూరం పోతే పోయింది, నేను దగ్గరే ఉంటాను కదా అనుకున్నాను.

సముద్రపు ఒడ్డున గోల్ఫ్ ఆడే మా బయలు డాండ్ పాదాలకు కంఠతా వచ్చు. కర్రలు మోసేవాణ్ణి కూడా పెట్టుకునేవాడు కాదు, వాడికి తెలిస్తే ఊరికి తెలిసినట్టేనని. "రెండు బెల్టులకే తల తిరిగింది, కర్రలు తనే మోసుకుంటాడట" అని జనం ఎగతాళి చేసేవారు. బంతి ఎక్కడ పడిందో జనం మూగిన చోటును బట్టి తెలుసుకునేవాడు. గుంత దగ్గరికొచ్చాక, దాని దాకా నడిచి వెళ్ళి, వంగి, లోపల చెయ్యి పెట్టి చిటికెడు ఇసుక తీసి, వెనక్కి నడిచొచ్చి ఆడేవాడు. అదేదో అచ్చొచ్చిన అలవాటని అందరూ అనుకున్నారు. వాడు పాదాలతో దారి కొలుచుకుంటున్నాడు, అంతే.

చిక్కు దిబ్బల దగ్గరే. మా బయలులో రెండు చోట్ల గుంత ఎత్తైన ఇసుక దిబ్బ అవతల ఉంటుంది. కళ్ళున్నవాడు కూడా దిబ్బ నెత్తి మీద ఏదో ఒక గుర్తు చూసుకునే కొట్టాలి. డాండ్‌కు దూరాన తెలుపు ఒక్కటే ఆనేది. అందుకని దిబ్బ మీది ముళ్ళపొద పైన నేను తెల్ల దుప్పటి ఆరేసేదాన్ని. దాని నెత్తి మీంచి కొడితే చాలు, అవతల గుంత.

తప్పంటారా? బయలులో బట్టలు ఆరేసే హక్కు మా ముత్తవ్వల నాటిది. గోల్ఫ్ దొరలు కూడా కాదనలేక తమ నియమాల్లో కలుపుకున్నారు: ఆరేసిన బట్ట మీద బంతి పడితే, బట్టను బంతి కింద నుంచి లాగెయ్యొచ్చు. బట్ట ఎక్కడ ఆరేసుకోవాలో నాకు చెప్పే మగాడు ఆర్డ్‌కీల్‌లో ఇంకా పుట్టలేదు.

పోటీ రోజు పొద్దున్నే కొత్త ఎర్ర రిబ్బను కట్టుకున్నాను, మూడో బెల్టుకని దాచుకున్నది. డాండ్ ఓట్స్ జావ తాగుతూ నా వైపు తల తిప్పి నవ్వాడు.

"ఆ నీలం రిబ్బను నీకెంత బాగుంటుందో."

"నీలమా! ఇది ఎరుపు మహానుభావా. పెళ్ళాం నెత్తి మీద ఏముందో చూసిన మొగుడెవడు లోకంలో?"

"ఇంట్లో చీకటిగా ఉందే" అన్నాడు.

చీకటిగానే ఉంది. మా కిటికీ పుస్తకమంత. ఆ మాట అక్కడే మరిచిపోయాను.

ఆట బయలు చుట్టూ మూడు చుట్లు, గుంతలన్నిటికీ కలిపి తక్కువ దెబ్బలు వేసినవాడిదే గెలుపు. డాండ్‌కు జంటగా ఫెర్గస్ టఫ్ పడ్డాడు. అవతలి తీరం వాడు, బలిష్ఠుడు, ఎర్ర గడ్డం, పెద్ద నవ్వు. వాళ్ళకు కాపలా డల్‌గ్లీష్ దొర, వకీలు. మొదటి చుట్టు, రెండో చుట్టు డాండ్ దివ్యంగా ఆడాడు. రెండు దిబ్బల మీదా నా దుప్పట్లు గాలికి రెపరెపలాడుతున్నాయి, వాటి పైనుంచి వాడి బంతులు కొలిచినట్టు పోతున్నాయి. మధ్యాహ్నం అందరూ సత్రంలో బీరుకూ హెర్రింగ్ చేపకూ కూర్చునే వేళకు ఫెర్గస్ బాగా వెనకబడ్డాడు.

"డాండ్, నీ బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించుకో, పొట్ట పెరిగింది" అని ఫెర్గస్ అరిచాడు.

"నీకైతే రెండు బెల్టులు కలిపి కుట్టాలిరా" అన్నాడు డాండ్. సత్రమంతా గొల్లుమంది.

మూడో చుట్టు మొదలయింది. మొదటి దిబ్బ దగ్గర డాండ్ బంతి పెట్టి, తల ఎత్తి, అలాగే నిలబడిపోయాడు. నేను జనంలోంచి దిబ్బ వైపు చూశాను.

ముళ్ళపొద ఉంది. దుప్పటి లేదు.

డాండ్ తల అటూ ఇటూ తిప్పాడు. ఫెర్గస్ "ఏంట్రా, నిద్రపోతున్నావా?" అన్నాడు. చివరికి డాండ్ కొట్టాడు. బంతి ఎక్కడో సముద్రపు గడ్డిలోకి పోయింది. దాన్ని బయటికి తీసుకురావడానికి దెబ్బ మీద దెబ్బ వేశాడు. పొద్దుటి నుంచి సంపాదించుకున్నదంతా ఆ ఒక్క గుంత దగ్గర హరించుకుపోయింది. జనం బిత్తరపోయారు. ఆర్డ్‌కీల్‌లో డాండ్ అలా కొట్టడం ఎవరూ ఎరగరు.

నేను వాగు దగ్గరికి పరుగెత్తాను. అక్కడ మా చాకిరేవు ఆడవాళ్ళు పావడాలు మోకాళ్ళ పైకి చెక్కుకుని తొట్లలో బట్టలు తొక్కుతున్నారు. ఎఫీ అనే చిన్నది నన్ను చూసి చేతులూపింది.

"అక్కా, నీ దుప్పట్లు తీసేశాం! రెండూ!"

నేను పరుగు ఆపి తొట్టి అంచు పట్టుకున్నాను.

"డాండ్ బావకు మూడో బెల్టు కదా, బంతి పోయి దుప్పటికి తగిలి ఆగిపోతే? కొంప మునగదూ? మేమంతా అనుకుని బయలంతా శుభ్రం చేశాం. ఒక్క గుడ్డ లేదు చూడు, ఎంత పచ్చగా ఉందో!"

"ఒసే... ఎవరు తియ్యమన్నారే నిన్ను?"

"ఎవరూ అనలేదక్కా, మాకే తోచింది. దొరల బూట్ల బురద కూడా అంటింది, మళ్ళీ సున్నపు నీళ్ళలో వేసి తొక్కుతున్నా."

తొట్టిలోకి చూశాను. నా దుప్పట్లు బూడిద రంగు ముద్దగా దాని కాళ్ళ కింద ఉన్నాయి. పిల్ల మొహం నిండా నవ్వు. కొట్టాలో, ఏడవాలో తెలియలేదు. కారణం చెప్పే వీలు కూడా లేదు. "మీ మేలు తగలెయ్య!" అని మాత్రం అరిచి దిబ్బల వైపు పడ్డాను. నా వెనక ఎఫీ "మేం చేసిన తప్పేంటక్కా?" అని ఏడుపు గొంతుతో అరుస్తూనే ఉంది.

చివరి గుంత మరీ పెద్ద దిబ్బ అవతల. ఆ దిబ్బను మేం ముసలమ్మ మూపు అంటాం. నేను రొప్పుతూ చేరేసరికి డాండూ ఫెర్గసూ సరిసమానంగా, మిగతావాళ్ళంతా వెనక ఉన్నారని జనం చెప్పుకుంటున్నారు. ఫెర్గస్ అప్పటికే కొట్టాడు. డాండ్ వంతు. మనిషి అంత దూరం నుంచి కూడా నాకు తెలుస్తున్నాడు, మెడ సాచి వెతుకుతున్నాడు. తెల్లనిదాని కోసం వెతుకుతున్నాడు.

నా ఒంటి మీద పై పావడా నల్ల ఉన్నిది, రవిక గోధుమ రంగుది, వీటిలో నేను వాడి కంటికి మట్టితో మట్టినే. ఆలోచించి ఉంటే చేసేదాన్ని కాదు. దిబ్బ ఎక్కి, ముళ్ళపొద పక్కన నిలబడి, బొందు లాగి పావడా వదిలేశాను. రవిక తీసి దాని మీద పడేశాను. తెల్ల లోపావడా, తెల్ల చొక్కా. నేను ఉతికినవి, మచ్చ ఉంటే చూపించండి.

"హతవిధీ!" అన్నారు పాస్టరుగారు. గబుక్కున టోపీ కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. దొరలు వెనక్కి తిరిగారు, అందరూ కాదు. ఒక ఆడమనిషి "గ్రిజెల్‌కు పిచ్చెక్కిందిరోయ్" అని కేక పెట్టింది. ఆ క్షణాన నేను చూస్తున్నది ఒక్కదాన్నే. డాండ్ మెడ నిలబడింది. భుజాలు దిగాయి. చూశాడు! తెలుపు చూశాడు!

కర్ర లేచింది. వాడు ఎప్పుడూ దుప్పటి నెత్తి మీంచి కొడతాడని నాకు తెలుసు. కానీ దుప్పటి ముళ్ళపొద ఎత్తే ఉంటుంది, నేను ఇంత మనిషిని. ఆ తేడా నా బుర్రకు తట్టేసరికి బంతి గాల్లో ఉంది.

చెట్టు జిగురును గట్టిపరిచి చేసిన బంతి, రాయికి అన్నలాంటిది. వచ్చి నా భుజం ఎముక మీద తగిలింది. ముళ్ళపొదలో మొహం గీరుకుంటూ దిబ్బ అవతలి వాలులో వెల్లకిలా పడ్డాను. రిబ్బనూ టోపీ ముళ్ళలోనే ఉండిపోయాయి. ఊపిరి అందడం లేదు. కళ్ళు తెరిస్తే లోపావడా గడ్డి మీద విసనకర్రలా పరుచుకుని ఉంది, దాని మధ్య తెల్లగా బంతి.

జనం హాహాకారాలు చేస్తూ పరుగెత్తుకొచ్చారు. వచ్చి, ఆగిపోయారు.

"బంతి! బంతి! ఎవరూ తాకొద్దు!" అని ఎవడో అరిచాడు.

ఇదీ మా ఊరు! ఆడమనిషి ఎముక విరిగి పడి ఉంటే చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు, బంతి కదులుతుందేమోనని. ఎఫీ వచ్చింది, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, అదీ ఆమడ దూరంలోనే. ఏమాటకామాట చెప్పాలి, నేనూ రావద్దనే చెయ్యి ఊపాను.

"బట్ట మీద పడిందిరా డాండ్, బట్ట మీద!" అని దిబ్బ పైకి కేకేశారు.

డాండ్ దిబ్బ దిగి వచ్చాడు, పక్కన ఫెర్గస్, వెనక డల్‌గ్లీష్ దొర. మొహం వెలిగిపోతోంది. గాలికి సముద్రం హోరు, జనం గోల, నా మూలుగు ఎవరికీ వినబడలేదు. నాకు నాలుగు అడుగుల దూరంలో ఆగాడు. నేను వాడి మొహంలోకి చూస్తున్నాను. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు.

"మా ఆవిడ దుప్పటేలే" అన్నాడు నవ్వుతూ. "ఎవరైనా ఆ గుడ్డ కాస్త లాగెయ్యండి, ఆడతాను."

ఒక్కసారిగా అంతా చల్లబడిపోయింది. నా భుజం నొప్పి ఏమయిందో తెలియదు. నాలుగు అడుగులు! ముక్కు మీద మచ్చ అన్నాడే, అద్దంలో చూసినట్టు అన్నాడే! పొద్దున నీలం రిబ్బను అన్నది చీకటి వల్ల కాదు. ఎన్నాళ్ళుగా? ఎన్నాళ్ళుగా వాడు నాకేసి చూసి నవ్వుతున్నాడు, గొంతు వచ్చిన వైపుకు తల తిప్పి? దేవుడా, నా కాళ్ళ కింద నేలంటూ ఉంటే అది అప్పుడే పోయేది. పడుకుని ఉన్నాను కనుక సరిపోయింది.

ఫెర్గస్ మొహం పాలిపోయింది. "డాండ్..." అని నోరు తెరిచాడు. డల్‌గ్లీష్ దొర కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే అందరికీ తెలిసిపోతుంది, బెల్టు పోతుంది. నాకు ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"విన్నారా, విన్నారా జనులారా!" అని గయ్యిమన్నాను. "బంతి పెట్టి పెళ్ళాం ఎముక విరగ్గొట్టాడు, పైగా గుడ్డ లాగెయ్యండట! ఇన్నేళ్ళ కాపురంలో నా విలువ ఇదీ! ఇంట్లోనూ ఇదే మాట, పాతగుడ్డ, చింకిగుడ్డ!"

డాండ్ కర్ర దించాడు. పెదవుల మీద నవ్వు అలాగే బిగిసిపోయింది.

"గ్రిజీ?" అన్నాడు, నాకు మాత్రం వినబడేలా.

జనంలో ముందు ఒకడు, తరువాత అందరూ పగలబడి నవ్వారు. "ఒరే డాండ్, ఇవాళ రాత్రి నీకు కూడు లేదురా!" భయంలోంచి బయటపడ్డ నవ్వు కదా, ఆగలేదు. ఫెర్గస్ ఒక్కడే నవ్వలేదు.

తొడుక్కున్న బట్ట ఆరేసిన బట్ట కిందికి వస్తుందా రాదా అని డల్‌గ్లీష్ దొర ఆలోచనలో పడ్డాడు. "అయ్యగారూ, మీరు తేల్చేలోగా నాకు జలుబు చేస్తుంది" అన్నాను. "ఉతికింది నేనే, కట్టుకుంది నేనే, లాగేదీ నేనే." మంచి చేత్తో లోపావడా అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. బంతి గడ్డి మీద కూర్చుంది. దొర తల ఊపాడు.

ఎఫీ శాలువా కప్పింది. నన్ను లేపబోతే దాన్ని తోసేసి గుంతకు వెనకగా వెళ్ళి నిలబడ్డాను. నిలబడి తిట్టడం మొదలుపెట్టాను. వాణ్ణి, వాళ్ళమ్మను, గోల్ఫ్ కనిపెట్టినవాణ్ణి. "ఇటు చూడు, ఇటు చూసి సమాధానం చెప్పు!" అని అరుస్తుంటే డాండ్ మొహం నా గొంతు వైపు తిరిగింది. వాడికి ఆ సాయంత్రం చేతికి అందే తెల్లదుప్పటి నా నోరొక్కటే.

"అమ్మా, ఆటగాడు కొట్టేటప్పుడు నిశ్శబ్దం పాటించాలి" అన్నాడు డల్‌గ్లీష్ దొర.

అప్పటికి చాలు. నోరు మూశాను. డాండ్ కొట్టాడు. బంతి గడ్డి మీద దొర్లుతూ వచ్చి నా కాళ్ళ ముందు గుంతలో టక్కున పడింది. ఆ తరువాత ఫెర్గస్ కొట్టిన బంతి గుంతకు జానెడు దూరంలో ఆగింది. ఒక్క దెబ్బ తేడా, బెల్టు మాది.

జనం డాండ్‌ను భుజాల మీద ఎక్కించుకుని పోయారు. ఫెర్గస్ ముళ్ళపొదలోంచి నా ఎర్ర రిబ్బను తీసి తెచ్చి ఇచ్చాడు.

"ఎన్నాళ్ళ నుంచి వదినా?"

"ఏది?"

ఫెర్గస్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట వాడి నోటి నుంచి ఎన్నడూ బయటికి రాలేదు.

పొద్దు గూకేలోగా మా వాకిట్లో ఇద్దరం మిగిలాం. నా చెయ్యి జోలెలో కట్టారు. ముళ్ళు గీసిన చోట మొహం మండుతోంది, జుట్టు విరబోసుకునే ఉంది. డాండ్ ఒళ్ళో బెల్టు. వెండి బొమ్మల మీద వేళ్ళు నడుపుతున్నాడు. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని నేను చూశాను, నేను ఎత్తుతానేమోనని వాడు చెవి ఒగ్గాడు.

నేనే అడిగాను. "ఇవాళ నా రిబ్బను ఎలా ఉంది?"

వేళ్ళు ఆగాయి. నా వైపు తిరిగి నవ్వాడు, రోజూ నవ్వే నవ్వే.

"ఎర్రది కదా. పొద్దున తప్పు చెప్పాను కానీ, నీ నెత్తి మీద ఎర్రగా ఎంత బాగా కనిపిస్తోందో."

రిబ్బను నా గుప్పిట్లో ఉంది.

"అవును, అందరూ అదే అన్నారు" అన్నాను. గొంతు తడబడకుండా అనగలిగాను, ఆ మాత్రం మగాడికి నేను తీసిపోను. కానీ ఆ తరువాత ఉండబట్టలేదు. వాడి చెయ్యి బెల్టు మీంచి తీసి నా మొహం మీద పెట్టుకున్నాను. వేళ్ళు వెండి మీద నడిచినట్టే నడిచాయి, నుదురు, కళ్ళు, ముక్కు మీద మచ్చ. ముళ్ళ గీతల దగ్గర ఉలిక్కిపడ్డాయి. జుట్టులోకి వెళ్ళి వెతికాయి, అటూ ఇటూ వెతికాయి.

"రిబ్బను లేదేమే" అన్నాడు.

"లేదు డాండ్" అన్నాను.

బెల్టు వాడి ఒళ్ళోంచి జారి కింద పడింది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని తీయలేదు.